ఎదురుకాళ్ళ పిల్ల

"అమ్మా, మీ ఎడమ మడమ నేలకు ఆనుతలేదు. ఎప్పుడన్నా చూసుకున్నరా?" అంది ఆ పిల్ల.

ఉప్పల్ మెట్రో దగ్గర, కింద బిర్యానీ హోటలు, దాని మీద కళ్ళద్దాల కొట్టు, ఆ పైన ఉంది ఆ క్లినిక్కు. నా కోడలు పోరగా పోరగా వెళ్ళాను. ఈ నడుము నొప్పికి నేను మింగని గోళీ లేదు, రాయని మందు లేదు. బెల్టు కట్టుకున్నాను, పరుపు తీసేసి చెక్క బల్ల మీద పడుకున్నాను. ఏం చేసినా అది అత్తగారిలా నన్ను వదలలేదు. ఇక్కడ ఈ పిల్ల గోళీలివ్వదు. వేళ్ళతో, మోచేత్తో ఒళ్ళంతా మెల్లగా తడిమి, చర్మం కింద ఎక్కడ బిగుసుకుందో పట్టుకుని, అది వదిలేదాకా చెయ్యి తియ్యదు. "మటన్ కడిగేటప్పుడు తెల్లగ పల్చటి పొర ఒకటి వస్తది గదమ్మా, గదే మనకు గూడ ఉంటది. నెత్తి నుంచి అరికాలుదాంక ఒక్కటే పొర. ఫేషియా అంటరు" అని చెప్పింది. వరంగల్ దిక్కు పిల్ల, ఈ చదువే చదివి వచ్చింది.

ముందు నన్ను గోడ మీద గీసిన గళ్ళకు ఎదురుగా నిలబెట్టి ఫోన్లో ఫోటోలు తీసి చూపించింది. ఎడమ భుజం పైకి, నడుము కుడి పక్కకు, ఎడమ మడమ నేల నుంచి రవ్వంత పైకి. ఎవరికీ వినబడకుండా ఇంట్లోంచి జారుకునే మనిషి నిలబడినట్టు ఉన్నాను.

"చిన్నప్పుడు దెబ్బ తాకిందా? ఫ్రాక్చర్ గిట్ల?"

"లేదమ్మా."

"మరి ఈ కాలును ఎందుకు దాసిపెట్టుకున్నరు?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. బోర్లా పడుకున్నాను. బల్లకున్న గుండ్రటి కంతలో మొహం పెట్టి ఉండటం మంచిదైంది, నా కళ్ళ నీళ్ళు ఆమె కంటపడలేదు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావలసింది, నాకు కాళ్ళు ముందొచ్చాయి. మా అమ్మ మూడు రోజులు చావుబతుకుల మధ్య ఉందట. అదేం ఘనకార్యం కాదు గానీ, అట్లా పుట్టినవాళ్ళు ఎడమకాలితో మూడుసార్లు తాకితే ఎంతటి నడుము పట్టైనా విడిచిపోతుందని మావైపు నమ్మకం. మేముండేది నాచారంలో. చుట్టూ ఫ్యాక్టరీలు. బస్తాలు మోసేవాళ్ళు, లేతు మిషన్ల ముందు వంగి నిలబడేవాళ్ళు, రాత్రి షిఫ్టుకు కుర్చీల్లో కూర్చునే వాచ్‌మన్లు. నడుములకు కరువు లేదు. నాకు నడకొచ్చినప్పటి నుంచీ నా కాలికి గిరాకీ ఉంది.

ఒకే వరసగా కట్టిన గదుల్లో ఒకటి మాది. ఎదురుగా పొడుగాటి వాకిలి, ఒక నల్లా, ఒక వేపచెట్టు. గాలి ఎటు వీస్తే అటు వాసన. ఒకరోజు బిస్కెట్లు కాలిన కమ్మటి వాసన, ఒకరోజు మందుల ఘాటు, ఇంకోరోజు కాలిన రబ్బరు. బిస్కెట్ల గాలి వచ్చిన రోజు మేం పిల్లలందరం నోళ్ళు తెరుచుకుని వాకిట్లో నిలబడేవాళ్ళం. "గాలి తింటే కడుపు నిండుతదా, ఒచ్చి సద్ది తినున్రి" అని అమ్మ తిట్టేది.

మా నాయనమ్మ ఒళ్ళు పట్టేది. ఆమెకు అదే పని, అదే పేరు. ఆముదంలో ఎల్లిపాయలు, వాము, వావిలాకు వేసి కాచిన నూనె ఒక నల్లటి ముంతలో ఎప్పుడూ ఉండేది. ఆ వాసన మా చీరల్లో, గొంగళ్ళలో, ఆఖరికి మా అన్నంలో కూడా ఉండేది. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. మెడ పట్టేసినామెకు నాయనమ్మ పిక్క నొక్కేది, తలనొప్పి అన్నామెకు అరచెయ్యి నొక్కేది.

"మెడ నొస్తున్నదంటే కాలు గుంజుతవేందే అత్తా?" అని వాళ్ళు గోలపెట్టేవాళ్ళు.

"ఒళ్లంత ఒక్క చీరనే బిడ్డా. కుచ్చిళ్లకాడ చిక్కుకుంటే కొంగుకాడ గుంజుతది. నొప్పి ఉన్నకాడ రోగముండదు" అనేది.

ఆ చేతుల కింద పడుకుంటే ఎవరి నోరైనా దానంతటదే తెరుచుకునేది. మొగుడి తాగుడు, అత్త ఆరళ్ళు, ఎవరికీ చెప్పని కడుపులు పోవడాలు, అన్నీ అక్కడే బయటపడేవి. నేను మూలన సర్వపిండి ముక్క కొరుకుతూ నిద్ర నటించేదాన్ని. పదేళ్ళకే నాకు నాచారం సంసారాలన్నీ తెలుసు.

మగవాళ్ళకు నాయనమ్మ ఒళ్ళు పట్టేది కాదు, వేళ్ళతో వెన్ను మీద ఒక్కసారి చూసి, అది నడుము పట్టేనని రూఢి చేసుకున్నాకే నన్ను పిలిచేది. నేను పళ్ళు తోముకుని, పరగడుపున, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి ఎడమ మడమతో మూడుసార్లు తాకాలి. తాకడమే, బరువు వెయ్యకూడదు. దీనికి డబ్బు తీసుకోకూడదు. బెల్లం ముక్కో, కొబ్బరి చిప్పో, గాజులో పెట్టి వెళ్ళేవాళ్ళు.

ఒకసారి సర్కారు పరిశోధన సంస్థలో పనిచేసే కోస్తా ఆయన వచ్చాడు. ఎవరైనా చూస్తారని స్కూటరు వీధి చివర ఆపి, హెల్మెట్ తీయకుండానే లోపలికొచ్చాడు. "నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదండీ, మా ఆవిడ పోరు పడలేక వచ్చాను" అంటూనే చొక్కా విప్పి చాప మీద పడుకున్నాడు. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను మూడుసార్లు తాకాను. ఆయన లేచి అటూ ఇటూ వంగి చూసుకుని, "కో ఇన్సిడెన్సు" అని వెళ్ళిపోయాడు. మరుసటి వారం వాళ్ళ ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. నాయనమ్మ ఆమె వెన్ను చూసి, నన్ను పిలిచింది.

ఇంత మర్యాద చూసి నాకు పొగరెక్కింది. వాడకట్టు పిల్లల్ని వరసగా బోర్లా పడుకోబెట్టి ఒక్కొక్కరి దగ్గర ఒక గాజు గోటీ పుచ్చుకుని తొక్కేదాన్ని. అట్లా తొక్కుతున్నప్పుడే ఒకరోజు ఒకడి వెన్నులో టక్‌మంది. వాడు "అబ్బ, హాయిగున్నదే" అన్నాడు. ఆ టక్ నాకు తెగ నచ్చింది. ఆ తర్వాత పెద్దవాళ్ళకు కూడా, నాయనమ్మ అటు తిరిగినప్పుడు, కిటికీ చువ్వ పట్టుకుని ఒంటికాలి మీద బరువంతా వేసేదాన్ని. టక్‌మనేది. మగవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. నాయనమ్మ ఒకరోజు చూసింది. చెంప పగిలింది.

"ఏందే గది? చేతికి కండ్లుంటయి, కాలుకు కండ్లుంటయా? కింద ఏమున్నదో నీకెట్ల ఎర్క?" అని అరిచింది. ఆమె నన్ను కొట్టింది అదొక్కసారే.

పక్క గదిలో మామ ఉండేవాడు. చుట్టం కాదు, వాడకట్టు వరసన మామ. ఫ్యాక్టరీలో బస్తాలు ఎత్తే పని. ఎండాకాలం సాయంత్రాలు పిల్లలందరినీ తన వీపు మీద ఎక్కించుకుని ఏనుగులా వాకిలంతా తిప్పేవాడు. ఆయన భార్యను అత్త అనేదాన్ని. వాళ్ళకు చంటిపిల్ల. ఆరేళ్ళ నుంచీ ఆయన టెంపరరీ. ఆ ఎండాకాలం మాత్రం కొందర్ని పర్మినెంట్ చేస్తారని మాట వచ్చింది. మేస్త్రీ చీటీలో ఆయన పేరుంది. ఎవరికి నడుము వంగదో వాళ్ళ పేరు కొట్టేస్తారని కూడా మాట వచ్చింది.

సరిగ్గా అప్పుడే మామకు నడుము పట్టింది. మనిషి చిక్కిపోయాడు, పొద్దుగూకితే ఒళ్ళు వెచ్చగా ఉంటుందనేవాడు. మా గదికి వచ్చి చాప మీద పడుకుంటే నాయనమ్మ వేళ్ళతో వెన్ను చూసింది. మామూలుగా ఒక్క క్షణం చూసేది, ఆ రోజు చాలాసేపు చూసింది. నేను కాలు ఎత్తుకుని సిద్ధంగా నిలబడ్డాను. నాయనమ్మ నా పిక్క పట్టుకుని పక్కకు లాగింది.

"గిది పట్టు గాదు కొడుకా. లోపల ఏందో ఉన్నది. నువ్వు దవాఖానకు పో. ఈ పిల్ల కాలు నీ మీద పడొద్దు" అంది.

"దవాఖానకు పోతే పండవెడ్తరు అత్తా. చీటీల పేరు పోతది" అన్నాడు మామ.

"పేరు పోతే పోనియ్. నువ్వుంటే పేరు మల్ల ఒస్తది."

ఆ మాట నేను విన్నాను. నా చెవులారా విన్నాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

మూడు రోజుల తర్వాత నాయనమ్మ మౌలాలిలో చుట్టాలింట్లో పెద్దకర్మకని పోయింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ రేషను షాపులో గ్యాసునూనె లైనులో నిలబడటానికి పొద్దున్నే డబ్బా పట్టుకుని పోయింది. నేను పళ్ళు తోముకుంటుంటే మామ గోడ పట్టుకుని వచ్చాడు. డ్యూటీ చొక్కా తొడుక్కునే ఉన్నాడు.

"బిడ్డా, జర ఒక్కసారి కాలు పెట్టు. ఇయ్యాల పెద్ద సారు ఒస్తడంట, ఎవడు ఎట్ల ఎత్తుతుండో సూస్తడంట. ఇయ్యాల ఒక్కదినం వంగితే సాలు."

"నాయనమ్మ వద్దన్నది గద మామా."

"ముసలామె, భయపడుతది. నీ కాలు నాకు ఎర్క లేదా? మొన్న ఆ లేతు మిషనాయనకు తొక్కితే ఆయన ఉరుకుతుండు."

అంత పెద్ద మనిషి నన్ను బతిమాలుతున్నాడు. నాకు గర్వంగా ఉంది. అది దాచి ఏం లాభం? జాలి తర్వాత వచ్చింది, ముందు వచ్చింది గర్వమే. చాప పరిచాను. మూడుసార్లు మడమతో తాకాను. నడుముకు పైన, వెన్ను మధ్యలో ఒక ఎముక బొడిపెలా పైకి ఉంది. నా మడమకు తగిలింది.

"పోలే బిడ్డా. జర బరువెయ్యి" అన్నాడు.

కిటికీ చువ్వ పట్టుకున్నాను. ఎడమకాలి మీద నిలబడి కుడికాలు ఎత్తాను.

టక్‌మంది. ఎప్పటి టక్ కాదు అది. చెరుకుగడ మోకాలి మీద విరిచినట్టుంది. మామ ఒక్కసారి ఊపిరి బిగబట్టాడు. నేను కిందకు దూకి, "మామా" అన్నాను. "మామా" అని మళ్ళీ అన్నాను.

అప్పుడు నవ్వాడు. "పోయింది బిడ్డా, పోయింది!" అన్నాడు. గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. మొహమంతా చెమట. జేబులోంచి ఒక కొబ్బరి బిస్కెట్ తీసి నా చేతిలో పెట్టాడు. "నాయనమ్మకు చెప్పకు. అత్తకు గూడ చెప్పకు. నీకు నాకే ఎర్క" అన్నాడు. మెల్లగా వాకిలి దాటి వెళ్ళాడు. నేను గడప మీద కూర్చుని బిస్కెట్ తిన్నాను. మొత్తం తిన్నాను.

మధ్యాహ్నం సైరన్ మోగకముందే నలుగురు ఆయన్ను తోపుడు బండి మీద తీసుకొచ్చారు. మూడో బస్తా ఎత్తబోయి కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదట. నడుము కింద ఏమీ తెలుస్తలేదంటున్నాడు. అత్త గుండెలు బాదుకుంటూ బండి వెనకే దవాఖానకు పోయింది. చంటిపిల్లను నా చేతుల్లో పెట్టి పోయింది. ఆ పిల్ల నా భుజం మీద ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయింది.

సాయంత్రం నాయనమ్మ వచ్చింది. సంగతి విని చెప్పులు కూడా విడవకుండా నా దగ్గరికొచ్చింది.

"నువ్వు తొక్కినవా?"

"లేదు నాయనమ్మా."

ఆమె నా మొహం చూడలేదు, నా కాలు వంక చూసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మళ్ళీ ఎప్పుడూ ఎవరి నడుము కోసమూ నన్ను పిలవలేదు. ఎవరైనా వస్తే "పిల్ల పెద్దదైతుంది, ఇంక పనిచెయ్యది" అని పంపేసేది.

ఇరవై రోజులకు నాన్న దవాఖాన నుంచి కబురు తెచ్చాడు. "ఎన్ముకకు టీబీ అంట. లోపల ఎప్పట్నుంచో తిన్నదంట. ఇయ్యాల గాకపోతే రేపన్న కూలేదే అన్నడు డాక్టరు" అన్నాడు అన్నం కలుపుకుంటూ. ఆ రోజు పచ్చిపులుసు. ఆ మాట విని నేను పళ్ళెం నాకేశాను. అన్ని రోజుల్లో కడుపునిండా తిన్నది ఆ పూటే. ఎక్కాలు బట్టీ పట్టినట్టు ఆ మాట బట్టీ పట్టాను. ఇయ్యాల గాకపోతే రేపన్న కూలేదే. పెద్దయ్యాక తెలిసిన ఎముకల డాక్టర్లు ఇద్దర్ని, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను కూడా. ఒకాయన, చిన్నపిల్ల బరువు చాలు, విరుగుతుంది అన్నాడు. ఇంకొకాయన, దానివల్ల కాదు, అది ఎట్లాగూ విరిగేదే అన్నాడు. నేను రెండో ఆయన్నే నమ్మాను.

మామను ఇంటికి తెచ్చారు. వాళ్ళ గదిలో, వాకిలివైపు కిటికీ పక్కన నవారు మంచం వేశారు. చీటీలో పేరు కొట్టేశారు. అత్త అదే ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దే పనికి కుదిరింది. బళ్ళోకి పోవాలంటే, నల్లా దగ్గరికి పోవాలంటే ఆ కిటికీ ముందునుంచే పోవాలి. పోయినప్పుడల్లా లోపలినుంచి పిలుపు.

"ఎవళ్లు, నా బిడ్డనా? బడికి పోతున్నవా?"

"ఆఁ మామా."

"మంచిగ సదువు."

అంతే. ఒక్కసారన్నా కోపంగా చూస్తే బాగుండేది. తిడితే ఇంకా బాగుండేది. అందుకే ఆయనకు వినబడకుండా దాటాలని మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టాను. కుడికాలు ఎట్లా వేసినా ఎడమ మడమ మాత్రం నేలకు తాకనిచ్చేదాన్ని కాదు. అయినా ఆయనకు వినబడేది. "నా బిడ్డనా?" అనేవాడు. నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడు, వానలు పడుతుంటే, వీపు పుండ్లు పడి చనిపోయాడు. పీనుగను లేపినప్పుడు అందరూ వాకిట్లో ఉన్నారు. నేను లోపల తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఆ కిటికీ ముందు నుంచి పోతే "నా బిడ్డనా" అని వినబడేది. నిజంగా వినబడేది. పెళ్ళయి మల్కాజిగిరి పోయాక కూడా ఎవరి ఇంట్లోనైనా నవారు మంచం కిర్రుమంటే నా ఒళ్ళు జలదరించేది. ఇప్పటికీ అంతే.

క్లినిక్కులో రెండోసారి పడుకున్నప్పుడు ఆ వరంగల్ పిల్ల నా ఎడమ అరికాలు కింద బొటనవేలు పెట్టి, "బలవంతం చెయ్యనమ్మా. మీరు వదిలినప్పుడే వదులుతది" అంది. ఇంక ఆగలేకపోయాను. కిందకు దిగి, ఇంటికి పోయే బదులు మేడిపల్లి బస్సెక్కాను. అత్త ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. ఆ రోజు నా భుజం మీద నిద్రపోయిన చంటిపిల్లే ఆ కూతురు. పెళ్ళిళ్ళలో, చావుల్లో అత్త కనిపిస్తూనే ఉండేది. నా చెయ్యి పట్టుకునేది. నేనే ఎప్పుడూ తొందర ఉందని లేచొచ్చేదాన్ని.

ఆమె వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి మొహం విప్పారింది. ఛాయ్ పెట్టించింది. నేను కప్పు కింద పెట్టి, ఇంకో మాట మాట్లాడితే చెప్పలేనని, ముందే అనేశాను.

"అత్తా, ఆ దినం పొద్దుగాల మామను నేను తొక్కిన."

ఆమె చేతులు ఆగలేదు. "ఎర్కే బిడ్డా" అంది.

"ఎట్ల ఎర్క?"

"దవాఖానల మొదటి దినమే చెప్పిండు. ‘పిల్లనేమనకు. పిల్లకు ఎర్క గానియ్యకు, బతికినన్ని దినాలు కుములుతది’ అని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. మీ నాయనమ్మకు గూడ చెప్పలే నేను."

"డాక్టరు చెప్పిండు గదా అత్తా, ఎన్ముక ముందుగాలనే తిన్నదని. ఎట్లయినా కూలేదేనని..."

"చెప్పిండు. మీ మామ ఇన్నడు. డాక్టరు అటు పోయినంక, ‘సప్పుడైనప్పుడు ఆయన ఉన్నడా? కాళ్లల్ల జీవం నాకు చాప మీదనే పోయింది. తిమ్మిరి కాళ్లను గుంజుకుంట పనికి పోయిన’ అన్నడు."

"నవ్విండు గద అత్తా. పోయిందని నవ్వుకుంట లేచి నిలబడ్డడు."

"నువ్వు జడుసుకుంటవని నవ్విండు."

వరండా కింద రోడ్డు మీద వరంగల్ బస్సులు పోతున్నాయి. అత్త చింతపండు పక్కకు పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్ళలో కోపం లేదు, ఏళ్ళ తరబడి దాచిన వస్తువు సొంతదారుకు అప్పజెప్పినప్పటి నిమ్మళం ఉంది.

"నీ మీద ఆయనకు ఇంత గూడ కోపం లేకుండె బిడ్డా. పోయేముందు గూడ అన్నడు, ‘పిల్ల తప్పేం లేదు, నేను మాఫ్ చేసిన’ అని. గీ మాట నీకెప్పుడన్నా చెప్పాలెనని నాకు మస్తు ఉండె. ఒట్టుకు భయపడ్డ. నువ్వే ఒచ్చి చెప్పినవ్, నా రుణం తీరింది."

నా మనసు తేలికైందా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నేను తల ఊపాను. ఇంకేం చెయ్యను? ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి మెట్లు దిగాను.

యాభై ఏళ్ళుగా ఆ డాక్టరు మాట పట్టుకుని బతుకుతున్నాను. నా వల్ల కాదు, ఎట్లయినా కూలేదే అని. డాక్టరు చెప్పిందే నిజమైతే, మామ నన్ను దేనికి మాఫ్ చేసినట్టు?